బేతంచెర్ల మంచు

కర్నూల్లో మా తమ్ముడి కొడుకు సురేంద్ర ఇంటికి భోజనానికి పోతే, బల్ల మీద పప్పుగిన్నె పక్కన ఆరు శవాలు కనబడ్డాయి. బొమ్మ శవాలే. ఒక్కొక్కటి నా వేలి కణుపంత ఉంటుంది. ప్లాస్టిక్ పొట్లంలో వరుసగా పేర్చి అట్టకు అతికించారు. ఒకడు బోర్లా పడున్నాడు, ఒకడు వెల్లకిలా, ఒకడికి మోచేతి నుంచి కిందికి లేదు. లేని చెయ్యి అదే పొట్లంలో ఓ మూలన విడిగా ఉంది, కావాలంటే పక్కన పడేసుకోవచ్చునట. సురేంద్ర బ్యాంకులో ఆఫీసరు, నలభై ఏళ్లు వస్తున్నాయి. సెలవు దొరికితే చాలు, చిన్న చిన్న ట్యాంకులు, ఫిరంగులు, సిపాయిలు అతికించి, రంగులేసి, ఒక చెక్క మీద యుద్ధరంగం కడుతుంటాడు. పెద్ద ఊళ్లలో ప్రదర్శనలకు పట్టుకుపోతాడు. సిపాయిల సంగతి నాకు తెలుసు గానీ, వాళ్ల చుట్టూ ఉండాల్సిన సామాను కూడా ఇప్పుడు పొట్లాల్లో దొరుకుతోందని ఆ రోజే తెలిసింది. కూలిన గోడలు, కాలిన మొద్దులు, ఇసుక మూటలు, ముళ్లకంచె, పగిలిన పీపాలు, కడుపు చీలిన గుర్రం. మంచు మూడు సీసాల్లో వచ్చింది. కొత్త మంచు ఒకటి, పాత మంచు ఒకటి, కరుగుతున్న మంచు ఒకటి.

"సమయానికొచ్చినావత్తా. మద్దిలేటి తాత కాపలా ఉన్న మంచుకొండ పోస్టు చేస్తాండా. ఆయన చేసింది నువ్వు దగ్గరుండి సూసినావు గదా, దీంట్లో ఏవి పెట్టల్లో రోంత ఏరి చెప్పు," అన్నాడు సురేంద్ర, ఎడంచేత్తో ఆ పొట్లాన్ని నా కంచం వైపు జరుపుతూ.

"అన్నం కాడ శవాలేందిరా?"

"బొమ్మలే గదత్తా. కడిగినవే. ఇదో, ఈ బోర్లా పడినోడు రెడ్డెప్పకు సరిపోతాడు."

నేను కంచం నా వైపు లాక్కున్నాను. వాడు గమనించలేదు. ఫోన్ తీసి, వేలితో తోస్తూ చెట్లు చూపించడం మొదలుపెట్టాడు. మంచు పడిన చెట్లు, ఒక డబ్బాలో పదైదు వస్తాయట. ఆడ చెట్లు లేవురా, గడ్డిపరక గుడక లేదు అన్నాను. "తెలుసత్తా. కానీ ఉట్టి రాళ్లు, మంచు పెడితే బోసిగా ఉంటాది. సూసేటోళ్ల కంటికి ఏదో ఒగటి ఆనల్ల గదా," అన్నాడు. నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. కారమెక్కువైందా అని అడిగాడు పాపం. అవునన్నాను. బాల్కనీలో నిలబడి, కొండారెడ్డి బురుజు వైపు పోయే ఆటోలను చూస్తూ ఉండిపోయాను. అన్నం ముందు నుంచి ఎందుకు లేచానో వాడికి చెప్పలేదు. చెప్పాలంటే బేతంచెర్లలో మా ఇంటి దగ్గర మొదలుపెట్టాలి, నా దగ్గర ముగించాలి. ఆ ముగింపు నాకే మింగుడుపడదు.

నాకు పుట్టుకతోనే చీదర ఎక్కువ. ఎవరి ఎంగిలి గ్లాసూ ముట్టను, తడి గుడ్డ వాసన పడదు, ఒకరు తుమ్మితే నేను రెండడుగులు వెనక్కి పోతాను. ఇలాంటి దాన్ని దేవుడు తెచ్చి బేతంచెర్లలో పడేశాడు. మా నాయన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. తెల్లారింది మొదలు రంపాల మోత. బండ కోసేటప్పుడు పోసే నీళ్లు రాతిపొడిని కలుపుకుని, తెల్లటి బురదై, మా ఇంటి ముందు కాలువలో పారేవి. పందులు అందులో పొర్లి తెల్లగా లేచి వచ్చేవి. ఎండాకాలం ఆ బురద ఎండి, పొడై, లారీ పోయినప్పుడల్లా లేచి ఇంట్లోకి వచ్చేది. ఊరగాయ జాడీ మూత మీద పిండి, దిండు మీద పిండి, తలలో పిండి. మజ్జిగన్నంలో పళ్ల కింద కరకరమనేది. మా నాయన సాయంత్రం ఇంటికొచ్చి గోచీ కట్టుకుని బావి దగ్గర నిలబడి నీళ్లు పోసుకుంటే, ఆయన ఒంటి మీదనుంచి పారే నీళ్లు కూడా తెల్లగానే ఉండేవి. మా నాయన తల్లి, మా జేజి, నడవాలో గోడకానుకుని కూర్చుని పొద్దంతా నశ్యం పీల్చేది. పీల్చి తుమ్మేది, తుమ్మి కొంగుతో తుడుచుకునేది, ఆ కొంగుతోనే నా మొహం తుడవడానికి పిలిచేది. నేను పారిపోయేదాన్ని. "ఏం నాజూకుదానివే నువ్వు. ఏ రాజు ఎదురుసూస్తాండాడో నీకోసరం," అనేది జేజి.

ఆ ఇంటికే మా చిన్నాయన మద్దిలేటి మిలిట్రీ నుంచి తిరిగొచ్చాడు. ఉత్తరాన ఎక్కడో మంచుకొండల మీద కాపలా ఉండి, మంచు కొరికేస్తే ఎడమకాలి వేళ్లు రెండు కోయించుకుని వచ్చాడు. పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే లేచి బూట్లకు పాలిష్ పట్టేవాడు. ఆ బూట్లు మళ్లీ ఎన్నడూ తొడుక్కోలేదు. పాలిష్ పట్టడం, ఎండకు పెట్టడం, సాయంత్రం లోపల పెట్టడం, అంతే. ఆ తర్వాత ఒక బేసిన్లో ఉప్పువేసిన వేడినీళ్లు పోసుకుని ఆ కాలు నానబెట్టుకునేవాడు. వేళ్లు పోయిన చోట చర్మం ముడుచుకుని, ఎర్రగా, మెరుస్తూ ఉండేది. ఆ నీళ్లు పారబొయ్యమని నాకు చెబుతారేమోనని ఆ వేళకు నేను ఇంట్లో ఉండకుండా చూసుకునేదాన్ని. మనిషి మాత్రం చాలా నెమ్మది. నేను ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న రోజులవి, పంతొమ్మిదేళ్లుంటాయి. బొమ్మలు బాగా వేస్తానని ఊళ్లో పేరు. ఇళ్ల ముందు పెద్ద ముగ్గులకు నన్నే పిలిచేవాళ్లు. నేను వేసినదాన్ని ఎవరైనా తొక్కితే వాళ్లతో నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు.

ఒకరోజు గంగులమ్మ వచ్చింది. రాయచోటి పక్క పల్లెటూరామె. ఆమె కొడుకు రెడ్డెప్ప, మా చిన్నాయన ఒకే పోస్టులో ఉండేవాళ్లు. మంచు చరియ విరిగి రెడ్డెప్ప మీద పడింది. తవ్వారు, దొరకలేదు. పెట్టె, బట్టలు, ఒక కాగితం ఇంటికొచ్చాయి, మనిషి రాలేదు. ఆమె మా నడవాలో కాళ్లు మడిచి కూర్చుని చిన్నాయనను ఒకటే అడిగింది. "నా బిడ్డ పోయిన జాగా ఎట్లుంటాదో సూపీ నాయనా. కండ్లు మూసుకుంటే నాకు మా ఊరి గుట్టే కనపడతాండాది. గుట్ట మీద పడిపోయినట్టే కనపడతాండాడు. అది కాదంటారు అందరూ." చిన్నాయన చెప్పడానికి చూశాడు. నేల మీద వేలితో గీశాడు. ఆమె ఆ గీతలను చూసింది, ఆయన మొహాన్ని చూసింది, తల ఊపింది. ఏమీ తెలియలేదని మా అందరికీ తెలుస్తూనే ఉంది. ఆమె పోయిన మర్నాడు చిన్నాయన ఫ్యాక్టరీ నుంచి మూడడుగుల బండ ఒకటి తెప్పించి, వెనక గదిలో నులకమంచం తీసేసి అక్కడ పరిపించాడు. "ఆ జాగా చేసి సూపిస్తా పాపా. నాకు చెయ్యి తిరగదు, నువ్వు సాయముండు. ఉండేది ఉన్నట్టు రావల్ల," అన్నాడు.

ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో నేను పడ్డ రోత ఇంతా అంతా కాదు. సిపాయిలు సులభంగానే అయ్యారు. బడి సుద్దముక్కలను బ్లేడుతో చెక్కి, చీపురుపుల్ల తుపాకులు పెట్టాం. ఇసుక మూటలు చిన్నాయన పాత బనియన్ చింపి కుట్టాను, ఒక్కొక్కటి చింతగింజంత. వచ్చిన తిప్పలంతా రాళ్లతోనే. ఊరి నిండా రాళ్లే కదా అనుకున్నాను నేను. మా నాపరాయి ఒకటి తెచ్చి పెడితే చిన్నాయన వేలితో తడిమి పక్కన పెట్టేశాడు. "ఇది పొరలు పొరలుగా పగులుతాది పాపా. ఆడ రాయి అట్ల కాదు, కోసుకుపోతాది చెయ్యి పెడితే." చివరికి ఆయనకు నచ్చిన రాయి రైలు పట్టాల కింద కంకరలో దొరికింది. బేతంచెర్లలో తెల్లారుజామున సగం ఊరు చెంబులు పట్టుకుని పోయేది ఆ పట్టాల మీదికే. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఎక్కడ అడుగు పెట్టాలో చూసుకుంటూ, ఆ కంపులో నేను కొండలు ఏరాను. చిన్నాయన నా పక్కన కుంటుకుంటూ వచ్చి ప్రతి రాయినీ ఎత్తి, వెలుతురుకు తిప్పి, ఇది కాదని వదిలేసేవాడు. అది మళ్లీ ఆ రొచ్చులోనే పడి నా కాళ్ల మీద చిందేది. ఇంటికొచ్చి వాటిని కుంకుడురసంలో మూడుసార్లు కడిగాను. ఇప్పటికీ కంకర చూస్తే నా ముక్కు ముడుచుకుంటుంది.

జిగురు ఇంకా ఘోరం. వడ్రంగులు చెక్కలు అతికించడానికి వజ్రం అని వాడతారే, అది తెచ్చాడు. బెల్లం అచ్చుల్లా ఉంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది. డబ్బాలో వేసి కిరసనాయిల్ స్టవ్ మీద ఉడికించేసరికి తోళ్ల షెడ్డు మా ఇంట్లోకి వచ్చినట్టయింది. తోలూ ఎముకలూ ఉడికించి చేసేదే కదా అది. జేజి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "ఏంటికప్పా ఈ కర్మ. చచ్చినోని కోసరం చచ్చిన గొడ్డును ఉడకబెడతాండావు," అంది. చిన్నాయన పుల్లతో కలుపుతూ కూర్చున్నాడు. ఆ జిగురు నా గోళ్లలో ఇరుక్కుని, ఎంత రుద్దినా పోక, అన్నం కలుపుకుంటే వాసన కొట్టేది. నేను నెల రోజులు చెంచాతో తిన్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్ల చెంచాతో తినడం ఒక వింత.

మంచు దగ్గర మేం అందరం ఓడిపోయాం. చిన్నాయన తప్ప ఇంట్లో ఎవరమూ మంచు చూడలేదు. నేను దూది పరిచాను. దెబ్బకు కట్టు కట్టినట్టుందన్నాడు. రాళ్ల ఉప్పు దంచి చల్లాను. ముసురు పట్టగానే చెమర్చి నీళ్లు కారింది. మైదా పోశాను. మూడో రోజుకు చీమలు బారులు తీరాయి, సుద్ద సిపాయిల కాళ్ల మధ్య నుంచి మంచుకొండను మోసుకుపోతున్నాయి. పైగా పులిసిన కంపు. ముగ్గుపిండి గరుకుగా ఉందన్నాడు. ఒకరోజు పొద్దున ఆయన గుమ్మంలో కూర్చుని బయటికి చూస్తున్నాడు. లారీ పోయింది. కాలువ గట్టున ఎండిన పాలిష్ పొడి లేచి, గాలికి పల్చగా పరుచుకుని, రాళ్ల మూలల్లో ఒత్తుగా దిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. "అట్లనే," అన్నాడు. "సరిగ్గా అట్లనే వాలుతాది." పుట్టినప్పట్నుంచీ నేను తిట్టుకుంటున్న ఆ పిండే! పందులు పొర్లే గట్టు మీదనుంచి గంపతో ఎత్తి, గుడ్డలో జల్లించి, చిటికెడు నీలిమందు కలిపాం. మంచు ఒట్టి తెలుపు కాదట, నీడ పడిన చోట నీలంగా ఉంటుందట. చిన్నాయన పల్చటి గుడ్డలో మూటగట్టి పై నుంచి తట్టాడు. పొడి దిగింది. రాళ్ల మీద నిలిచింది, వాలుల్లో జారింది. ఆయన బండ పక్కన కూర్చుని దాన్ని చూస్తూ ఏడ్చాడు. నాకు ఆ మగమనిషి ఏడుపు చూడటం కూడా ఇబ్బందిగా, ఏదోలా అనిపించి బయటికి పోయాను.

గంగులమ్మకు కబురు పెట్టాడు. ఆమె వస్తున్న రోజు మధ్యాహ్నం చిన్నాయన బస్టాండుకు పోయాడు. నేను వెనక గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. బండను అన్ని వైపుల నుంచీ చూశాను. అంతా ఆయన చెప్పినట్టే ఉంది. డేరా, ఇసుక మూటలు, నల్లరాళ్లు, తెల్లటి వాలు. నాకు మాత్రం ఏదో వెలితిగా అనిపించింది. మా నడవాలో ఒక క్యాలెండరు ఉండేది, మంచుకొండలు, ముందు దేవదారు చెట్లు, ఎంత అందంగా ఉండేదో. దాని ముందు ఇది బోడిగా ఉంది. ఆరు నెలలు ఆ కంపులో చేసినది, ఊరంతా వచ్చి చూడబోయేది, ఇట్లా బోడిగా ఉంటే ఎట్లా అనిపించింది. పెరట్లో తులసి ఎండిపోయి ఉంది. దాని కొనన విత్తనాలు పట్టిన ఎండు వెన్ను ఒకటి తుంచాను. అచ్చం క్యాలెండరులో చెట్టులా ఉంది, కిందికి గుబురుగా, పైకి సన్నగా. డేరాకు కుడిపక్కన, వాలు మొదలయ్యే చోట గుచ్చి, పై నుంచి కొంచెం పిండి తట్టాను. బొమ్మకు ప్రాణమొచ్చింది. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను.

గంగులమ్మ గదిలోకి వచ్చి బండ ముందు గొంతుక్కూర్చుంది. చేతిలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు ఉంది. దాన్ని కింద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుంది. చిన్నాయన ఎదురుగా కూర్చున్నాడు. మా నాయన, జేజి, నేను గోడ వారన నిలబడ్డాం.

"ఇదేనా నాయనా?"

"ఇదేమ్మా. ఈడ మేం పండుకునేది. ఈడ నిలబడి కాపలా కాసేది. ఈ తెల్లగుండేదంతా మంచు."

"మంచంటే ఏంది?"

"గడ్డకట్టిన నీళ్లమ్మా."

ఆమె ఆ కొసనుంచి ఈ కొసకు చూసింది. "ఇదంతా నీళ్లేనా?"

"అంతా నీళ్లే."

"అట్లయితే నా బిడ్డ దప్పికతో పోలేదులే," అంది గంగులమ్మ. ఆమె చలి గురించి ఒక్క మాటా అడగలేదు. మా సీమ మనిషికి తెలిసిన చావు నీళ్లు లేని చావు. అన్ని రోజులూ ఆమెను తిన్న దిగులు అదేనని అప్పుడు తెలిసింది. ఒళ్లో చెంబును సర్దుకుని, "యాడ పడినాడు నాయనా?" అని అడిగింది.

చిన్నాయన చెయ్యి ఎత్తాడు. ఆయన వేలు దిగేలోపల ఆమె వేలు దిగింది, నేను గుచ్చిన పుల్ల మీద. ముట్టుకుంది, పైకి కిందికి నిమిరింది, వేళ్లు వాసన చూసుకుంది. "తులసమ్మ ఉండాదే ఈడ," అంది. ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. "ఈడనేనా నాయనా? తులసమ్మ కాడనేనా?" ప్రాణం పొయ్యేటప్పుడు నోట్లో తులసి నీళ్లు పోయడానికి ఎవరో ఒకరు పక్కన ఉండాలి మాలో. ఆమె కొడుకుకు ఎవరూ లేరు. చిన్నాయన ఆ పుల్లను చూశాడు. తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు నేను చెప్పలేను. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఆఁ, ఈడనేమ్మా," అన్నాడు.

ఆమె చెంబు గుడ్డ విప్పింది. గది నిండా పులిసిన కంపు కొట్టింది. మేకపాలు. మాలో మనిషిని పూడ్చిన మూడోనాడు గుంత మీద పాలు పోస్తారు. గుంతే లేదు కనుక ఆమె ఇన్నాళ్లూ పోయలేదు. ఏమి జరుగుతోందో నాకు తెలిసేలోపల ఆమె చెంబును తులసి మొదట్లో వంచింది. విరిగి, నీళ్లూ గడ్డలూ విడిపోయిన పాలు గుబుక్కున పడ్డాయి. నా మంచు గుంతలుపడి బురదయింది. పసుపుపచ్చటి నీళ్లు వాలు మీదుగా పారి ఇద్దరు సిపాయిలను పడగొట్టాయి. నా ఆరు నెలల పని. "ఏంది నువ్వు చేస్తాండేది?" అని అరిచాను. "ఏంది ఈ గబ్బు? నాశనం చేస్తివి గదా అంతా." ముక్కు మూసుకుని అరిచాను. ముక్కు మూసుకున్నానన్నదే అన్నిటికంటే నాకు ఇప్పుడు ఎక్కువ గుర్తు.

ఆమె చెంబు పట్టుకుని బిక్కచచ్చిపోయింది. కొడుకును పోగొట్టుకున్న తల్లి, మా జేజి ఈడుది, పంతొమ్మిదేళ్ల నాతో అంది. "తప్పైపాయ తల్లీ. కోడికూతకు పిండినా. మూడు బస్సులు మారేసరికి దావలో ఇరిగిపాయ. మంచియి తేవల్లనే అనుకున్యా." పాలు మంచివి కాదని నేను కోప్పడుతున్నాననుకుంది. మా నాయన నన్ను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. గుమ్మంలోంచి విన్నాను. ఆ మన్ను రోంత తీసుకుపోదునా అని ఆమె అడుగుతోంది. చిన్నాయన తన చేత్తోనే తులసి వెన్నుతో సహా ఆ తడి పిండిని తవ్వి ఆమె చెంబులోకి ఎత్తాడు.

ఆమెను బస్సెక్కించి చిన్నాయన ఒక్కడే తిరిగొచ్చాడు. నేను ఇంకా కోపంగానే ఉన్నాను. నన్ను గదిలోకి పిలిచి, డేరాకు ఎడమపక్కన, ఆ గుంతకు జేనెడు దూరంలో వేలు పెట్టాడు. "రెడ్డెప్ప పడింది ఈడ పాపా. ఈ జాగా ఆయమ్మకు సూపల్లనే ఇన్నాళ్లు కూకున్యా." తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు సురేంద్ర బల్ల మీది పొట్లాలను తలుచుకుంటే రోతే పుడుతుంది, అందులో మార్పు లేదు. చావును అట్టకు అతికించి అమ్మేవాడి మీద, దాన్ని అన్నం పక్కన పెట్టుకుని ఏరుకునేవాడి మీద, ఎవడి కొడుకో తెలియని చెయ్యిని విడిగా పొట్లం కట్టినవాడి మీద. అప్పుడు మేం ఒక రాయి కోసం వారం తిరిగాం, ఒక తల్లి కోసం తిరిగాం. వీడు వేలితో తోసి ఏరుకుంటున్నాడు, ముక్కూ మొహం తెలియని జనం కంటికి ఆనడానికి. అప్పటికీ ఇప్పటికీ పోలికే లేదని గట్టిగా అనాలని నోటిదాకా వస్తుంది. అనలేను. ఆ వెతుకులాటంతా చిన్నాయనది. నాది ఆ చివరి పుల్ల ఒక్కటే. సురేంద్ర తాను ఏమి చేయబోతున్నాడో చెప్పి నన్ను అడిగాడు. నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. ఆరు నెలలు పిడకల్లాగా కంపుకొట్టిన నా చేతుల మీద కంటే, కడిగి శుభ్రంగా ఆ పుల్ల తుంచిన నా చేతుల మీదే నాకు అసహ్యం. గంగులమ్మ బతికున్నన్నాళ్లూ చిన్నాయన ఆమెకు నిజం చెప్పలేదు. ఆయన ఎన్నడూ అబద్ధమాడి ఎరగడు, ఆ ఒక్కటీ నా మూలంగా ఆడాడు.

గంగులమ్మ ఆ చెంబు పట్టుకుపోయిన ఐదో రోజు ఆమె ఊరినుంచి కబురొచ్చింది. చెంబులో మన్నుకు అన్నీ జరిపిస్తాండాము, రమ్మని. ఆ జాగా చేసిన బిడ్డను గుడక తోడుకోని రమ్మందట. చిన్నాయన నా దగ్గరికొచ్చి, వస్తావా పాపా అని అడిగాడు. రానన్నాను. ఆయన పొయ్యొచ్చి నడవాలో కూర్చుని మా నాయనకు చెబుతుంటే లోపల్నుంచి విన్నాను. చెంబెడు మన్నుకు జేనెడు గుంత చాలని ఊళ్లోవాళ్లు అన్నారట. ఆమె ఒప్పుకోలేదట. నా బిడ్డ ఇంత పొడుగు అని చెయ్యెత్తి చూపించి, మనిషి పొడుగు గుంత తీయించిందట. ఆ గుంత తీస్తున్న పొద్దు నేను బేతంచెర్లలో, వెనక గదిలో కూర్చుని, తవ్విన చోట కొత్త పిండి తట్టి సరిచేస్తున్నాను. బాగా కలిసిపోయింది. ఎక్కడ తీశారో చూసినవాళ్లకు తెలియలేదు.